అలిగే రాక్షసుడు

ఆదివారం మధ్యాహ్నాలు ఇంట్లోవాళ్లంతా వీరులై రాక్షసులతో పోరాడుతూ ఆడే పాచికల ఆటలో కథ నడిపేది, రాక్షసులను తయారుచేసేది టైలరు పని చేసే చెల్లెలే. జాకెట్లన్నిటికీ ఒకటే కాగితం కటింగు ఉన్నట్టు ఆమె దగ్గర ఒకటే రాక్షసుడి అట్టముక్క ఉంది. వారానికో చీటీ మీద రెండు గుణాలు రాసి దానికి గుచ్చితే కొత్త రాక్షసుడు సిద్ధం.

ఈ వారం చీటీ: అడక్కుండా సలహాలిస్తాడు, దెబ్బ తగిలితే అలుగుతాడు. కొలతలు ఎవరివో మాత్రం ఆమె చెప్పలేదు.

గుహలో ఎదురైన రాక్షసుడు కత్తి ఎలా పట్టుకోవాలో బావకు పది నిమిషాలు పాఠం చెప్పాడు. బావ ఒక్క దెబ్బ వేసేసరికి రాక్షసుడు మూతి ముడుచుకుని మూల కూర్చున్నాడు.

"వీడితో ఎవరైనా ఎలా వేగుతారో," అన్నాడు బావ విసుగ్గా.

అక్క తలెత్తకుండా తన పాచిక వేసింది.

"పన్నెండేళ్లయ్యేసరికి అలవాటైపోతుందిలెండి."