ఉప్పు పట్టిన కార్బొరేటర్

పొద్దున లేస్తే ఆ ఇంట్లో ఎవరి పని వాళ్ళకుంది. అత్తగారు పాలు కాస్తుంది. చిన్నకొడుకు మొక్కలకు నీళ్ళు పోస్తాడు. పెద్దకొడుకు తల దువ్వుకుని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వసారాలోకొచ్చి స్కూటర్ అటూ ఇటూ ఊపి చూస్తాడు. లోపల గలగల వినిపించకపోతే తల్లిని కేకేస్తాడు. ఆవిడ స్టవ్వు ఆర్పి, స్టీలు గిన్నె పట్టుకుని, చిన్నకోడలి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఆ అమ్మాయిని ఏడిపిస్తుంది. చిన్నకోడలి కన్నీళ్ళు పెట్రోలు.

స్టవ్వు ఆర్పడం మాత్రం ఎన్నడూ మరిచిపోలేదు. జాగ్రత్త గల మనిషి.

ఏడిపించడం పెద్ద కష్టమేమీ కాదు. "మీ నాన్న పోతూ పోతూ నీకేం మిగిల్చాడే, ఆ తుప్పు బండి తప్ప?" అంటే చాలు, గిన్నె సగానికొచ్చేది. వీధిలో వాళ్ళకూ ఇదేం వింత కాదు. ఒకరింట్లో బావి ఉంటుంది, ఒకరింట్లో కోడలు ఉంటుంది. పెట్రోలు బంకు ఎక్కడో హైవే మీద ఉండడంతో, బండి ఆగిపోయిన పక్కింటివాళ్ళకు అత్తగారు గ్లాసుడు బదులిచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఇచ్చింది తనేగానీ ఏడ్చింది తను కాదు కదా.

ఆ తుప్పు బండి ఇంటి వెనక రేకుల కింద ఉంది. తండ్రి దాన్ని విప్పినప్పుడల్లా పక్కన టార్చి పట్టుకుని పెరిగిన పిల్ల చిన్నకోడలు. ఆయన పోయాక బండి ఎవరికీ అక్కర్లేకపోతే తనే తోసుకొచ్చుకుంది.

హైవే పక్కన మందుల డిపో ఒకటి ఉంది. చుట్టుపక్కల ఆస్పత్రులకు మందుల పెట్టెలు చేర్చడానికి వాళ్ళకు మనుషులు కావాలి. చిన్నకోడలు వెళ్ళి అడిగింది. సూపర్‌వైజర్ ఒకటే మాట చెప్పాడు. "సోమవారం పొద్దున సొంత బండి మీద వచ్చి నిలబడమ్మా, ఉద్యోగం నీది. రాకపోతే వెనకున్నవాళ్ళది."

ఇంట్లో చెబితే బావగారికి నిజంగానే ఆశ్చర్యమేసింది.

"నువ్వు ఉద్యోగానికి పోతే నేను ఉద్యోగానికి ఎలా పోవాలమ్మా?"

మొగుడు మంచివాడే. నోట్లో నాలుక లేని మంచితనం. "పోనీ, పొద్దున్నే కాస్త ఏడ్చేసి వెళ్తే..." అని నసిగాడు.

"ఏడవను. వెళ్తాను," అంది చిన్నకోడలు. ఆ మాట అన్నాక ఆమెకు ఒళ్ళంతా తేలికైంది, చేతులకు పని కావాలనిపించింది.

ఆ మధ్యాహ్నమే బండి ముందేసుకుంది. ట్యాంకు విప్పి వంచితే పాత పెట్రోలు నల్లటి జిగురై కారింది. గుప్పెడు గులకరాళ్ళూ, సోడా కలిపిన వేడినీళ్ళూ పోసి, ట్యాంకును ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను ఊపినట్టు ఊపింది. తుప్పంతా వదిలేదాకా ఊపి, ఎండలో బోర్లించింది. పెట్రోలు ట్యాపు విప్పి జాలీ తోమింది. బిరుసెక్కి పెళుసైన రబ్బరు పైపు పారేసి కొత్తది వేసింది. కార్బొరేటర్ కింద గిన్నె ఊడదీసి, లోపల తేలే ఇత్తడి బుడ్డిని చెవి దగ్గర ఆడించి చూసింది. గలగలమంది. తేలాల్సిన బుడ్డిలో పెట్రోలు దూరితే అది మునుగుతుంది, అది మునిగితే పెట్రోలు పొర్లిపోతుంది. వేడినీళ్ళలో ముంచితే ఒక మూల నుంచి సన్నగా బుడగలొచ్చాయి. చిల్లు అక్కడే.

బుడ్డి పట్టుకుని వీధి చివర గిన్నెలకు మాట్లు వేసే ముసలమ్మ దగ్గరకెళ్ళింది. ముసలమ్మ ముందు దానిలోని పెట్రోలంతా వంపించి, ఆరబెట్టించి, ఆ తర్వాతే మాటు వేసింది.

"నువ్వు కాస్త దూరంగా కూర్చోవే, కొలిమి ఉంది," అంది.

"ఏడవడం మానేశానమ్మమ్మా."

"అట్లయితే దగ్గరికి జరుగు."

అన్నీ బిగించాక పోయడానికి పెట్రోలు కావాలి. బండిని బంకుదాకా తోసుకుపోవడమంటే అయ్యే పని కాదు, చేతిలో ఉన్న డబ్బేమో రబ్బరు పైపుకే అయిపోయింది. అత్తగారు అవసరానికని మంచం కింద దాచిన డబ్బా ఒకటుంది. అందులో ఉన్నవి తన కన్నీళ్ళే కాబట్టి చిన్నకోడలు ఎవరినీ అడగలేదు. పోసి కిక్కు కొట్టింది. బండి అందుకుంది, నాలుగుసార్లు దగ్గింది, చచ్చిపోయింది. మళ్ళీ విప్పి చూస్తే, కార్బొరేటర్లో పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రంలో తెల్లటి పలుకులు. నాలిక్కి రాసుకుంది. ఉప్పు.

ముసలమ్మ విని పళ్ళులేని నోటితో నవ్వింది. "ఏడుపులో ఉప్పుండదా మరి? మీ బావ నెలకోసారి స్కూటర్ విప్పుతాడే, ఎందుకనుకున్నావ్? ఏడుపుతో బండి కదులుతుందే తల్లీ, దూరం పోదు."

చిన్నకోడలు డబ్బాలో మిగిలింది కాలవలో పారబోసింది. రాగి తీగతో జెట్టు పొడిచి, ఊది, ఎండకు పెట్టి చూసింది. వెలుతురు సూదిమొనంత కనిపించింది. బండి సిద్ధం. ట్యాంకు ఖాళీ.

సోమవారం పొద్దున స్కూటర్ గలగలమనలేదు. అత్తగారు స్టవ్వు ఆర్పి గిన్నె తెచ్చుకుంది.

"మీ నాన్న పోతూ పోతూ..." అని మొదలుపెట్టింది. చిన్నకోడలు మనసులో కార్బొరేటర్ గిన్నె స్క్రూ ఒకటి విప్పింది. వంట గురించి అన్నప్పుడు రెండోది విప్పింది. పిల్లల్లేరన్న మాట వచ్చింది. అది గుచ్చుకుంది, చాలా లోతుగా గుచ్చుకుంది. పళ్ళు బిగబట్టి బుడ్డి పిన్ను లాగింది. కళ్ళు మండాయిగానీ తడవలేదు.

"ఏమిటమ్మా ఈ మొండితనం!" బావగారు గడియారం చూసుకుంటూ పీట దగ్గరికొచ్చాడు. "ఒక్క గిన్నె! ఒక్క గిన్నె ఏడవడానికి నీ సొమ్మేం పోయింది? ఆలస్యమైతే మేనేజర్ అందరి ముందూ నన్ను గుమ్మం దగ్గర నిలబెడతాడు. అది నీకేం తెలుసు? నా బాధ ఎవరికి..." అంత మనిషి, మీసాలున్న మనిషి, చంటిపిల్లాడిలా భోరుమన్నాడు.

అత్తగారు ఎంత పొదుపరంటే, ఆ స్థితిలోనూ గిన్నె చటుక్కున కొడుకు గడ్డం కిందికి జరిపింది. "పోనివ్వకురా, పట్టు! నీదీ ఈ ఇంటి రక్తమే!" అని, పట్టినంత పట్టి, పరుగున వెళ్ళి స్కూటర్లో పోసింది. బావగారు ముక్కు తుడుచుకుని కిక్కు కొట్టాడు. స్కూటర్ గుటక వేసింది, తుమ్మింది, పొగగొట్టంలోంచి రెండు నీటిబుడగలు వదిలి ఊరుకుంది.

చిన్నకోడలికి ముందు పెదవి వణికింది. ఆపుకుందామనుకుంది. ఆగలేదు. పొట్టలోంచి తన్నుకొచ్చిన నవ్వుకు గోడ పట్టుకుని వంగిపోయింది.

"నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే..." అని అత్తగారు సామెత అందుకుని సగంలోనే మింగేసింది. ఏడుస్తున్నవాడు కన్నకొడుకాయె.

దాంతో నవ్వు ఇంకా ఎక్కువైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, జలజలా రాలాయి. కమ్మటి పెట్రోలు వాసన వసారా అంతా నిండింది. నవ్వుతో వచ్చిన కన్నీళ్ళు కూడా పెట్రోలేనని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమెను అంతలా నవ్వించినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు మరి.

"పట్టండి! పట్టండి!" అత్తగారు గిన్నెతో లేచేలోపు చిన్నకోడలు రేకుల కిందికి పరిగెత్తి, ట్యాంకు మూత తీసి, దాని మీదికి వంగింది. వీపు వెనక బావగారు "న్యాయం కాదమ్మా" అని ముక్కుతో అంటుంటే ఇంకో గ్లాసుడు రాలింది. మూత బిగించి, ట్యాపు తిప్పి, కిక్కు మీద ఎగిరి తొక్కింది. బండి ఒక్కసారికే అందుకుంది. దగ్గలేదు. ఆ చప్పుడుకు రేకుల మీది ఆకులన్నీ రాలిపడ్డాయి.

మొగుడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తియ్యాలో, మూయాలో తేలక గొళ్ళెం పట్టుకున్నాడు.

"తెరువు," అంది. తెరిచాడు. "గొళ్ళెం పెట్టకు. సాయంత్రం వస్తాను. ఈ ఇల్లు నాది కూడా. బావగారికి బస్సు ఎక్కడాగుతుందో చూపించు."

డిపో ముందు బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. సూపర్‌వైజర్ ఒక్కొక్కరికీ మందుల పెట్టె కట్టించి, బంకులో చూపించడానికి పెట్రోలు చీటీ చేతిలో పెట్టి పంపుతున్నాడు. చిన్నకోడలి దాకా వచ్చేసరికి పెట్టె కట్టించాడు, చీటీల కట్ట జేబులో పెట్టుకున్నాడు. ఆమె కళ్ళ సంగతి ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

"నీకెందుకమ్మా చీటీ?" అన్నాడు, మెచ్చుకుంటున్నట్టే. "దేవుడిచ్చిన బంకు ఉండగా. నాలుగు చుక్కలు ఏడ్చుకుంటే సరిపోదూ?"

వరసలో వెనకవాళ్ళు నవ్వారు. చిన్నకోడలు నవ్వలేదు. ఇంజను ఆపలేదు, బండి దిగలేదు, వరసలోంచి పక్కకు జరగలేదు. వెనక బండ్లవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు.

"అందరికీ ఇచ్చినట్టే నాకూ ఇవ్వండి సార్," అంది. "నా కళ్ళు డ్యూటీలో లేవు."

సూపర్‌వైజర్ హారన్లు విన్నాడు, ఆమె మొహం చూశాడు. పొడిగా ఉన్న ఆ కళ్ళకేసి ఇంకాసేపు చూసి, జేబులోంచి కట్ట తీసి, చీటీ చించి ఇచ్చాడు.