పడికట్టురాయి

ఆ ప్రయోగశాలలో ఆమెను పేరుపెట్టి పిలిచేవారు లేరు. అందరికీ ఆమె తక్కెడను సరిచూసే పడికట్టురాయి. ఆరోగ్యవంతుల నెత్తుటిలో ప్రతిరక్షకాల బలగం కాలం గడిచేకొద్దీ ఎలా మారుతుందో కనిపెట్టడం అక్కడి పని. నెలనెలా వచ్చే దాతల నెత్తురుకంటే ముందు ఆమె నెత్తురును యంత్రంలో పెట్టేవారు. దాతల బలగాల్లో జలుబుకో దగ్గుకో కొత్త ముఖాలు పుట్టుకొచ్చేవి; యంత్రం గీసే ఆమె గీతలో మాత్రం ఎప్పుడూ అవే శిఖరాలు, అదే వరుస. గీత అలాగే వస్తే యంత్రం నిజం చెబుతున్నట్టు.

రాయి కదలకూడదు గనుక ఆమెకు కిటికీలేని లోపలి గది, విడిగా భోజనం. బస్సు వద్దు, సినిమా వద్దు, పెళ్ళిళ్ళు వద్దు. మానేస్తానంటే, "ఇన్నేళ్ళ లెక్కలు నీ మీదే నిలబడ్డాయి తల్లీ" అనేవాడు ప్రయోగశాల పెద్ద. మొదట్లో గౌరవంగా తోచిన కట్టడి రానురాను మెడకు గుదిబండ అయింది.

ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఇంటిల్లిపాదీ ముక్కులు కారుతూ పడున్నాం. చంటిది చంక దిగనంటోంది, నేనేమో లేవలేకపోతున్నా. ఒక్కసారి వచ్చిపోవే."

ఆమె ప్రయోగశాల పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"జలుబు చేసిన ఇంటికా! మతి పోయిందా అమ్మాయ్? వచ్చేవారమే పరీక్షలు. నీ నెత్తురు మారితే మా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే."

"మా అక్క సార్."

"అక్కే, కాదన్నానా? పరీక్షలయ్యాక వెళ్ళు."

"అప్పటికి వాళ్ళకు తగ్గిపోతుంది సార్."

"మరింకేం, మంచిదేగా!"

లోపలి గదిలో తన పాత గీతలను తెరమీద ఒకదానిపై ఒకటి పరిచి చూసుకుంది. ఒక్కటే గీత ఉన్నట్టుంది. వీళ్ళు కొలుస్తున్నది తన ఆరోగ్యాన్ని కాదు, ఈ నాలుగు గోడలను. తెల్లకోటు మేకుకు తగిలించి, కిక్కిరిసిన బస్సెక్కింది.

అక్క ఇంట్లో చంటిది చంకెక్కీ ఎక్కకముందే ముఖం మీదే తుమ్మింది.

"అయ్యో, మొహం కడుక్కోవే! మీ సారు నిన్ను చంపేస్తాడు" అంది అక్క పక్కమీంచి.

"కడుక్కుంటాలేవే." పిల్లను మాత్రం దించలేదు.

తరువాతి వారం ఆమె గీతలో కొత్త శిఖరాలు బారులు తీరాయి. పరీక్షలు వాయిదాపడ్డాయి, ఆమెతో మాట్లాడడం మానేశాడు ప్రయోగశాల పెద్ద. కాని నెలలు గడిచేకొద్దీ ఆ శిఖరాలు ఒక్కొక్కటే కుంగిపోయి, పాత వరుస మళ్ళీ తేలింది.

"చూశావా, దారిలో పడ్డావు! ఇక నీ గది నీదే" అన్నాడు ఆయన, చాన్నాళ్ళకు నవ్వుతూ.

ఆమె తెరమీద గీత చివరికి వేలు చూపింది. ఆవగింజంత బుడిపె ఒకటి అక్కడ మిగిలే ఉంది.

"అదా? ఏదో దుమ్ములే, వదిలెయ్."

"దుమ్ము కాదు సార్. మా చంటిది."

ఆయనకు అర్థంకాలేదు. తలుపు మూసి వెళ్ళిపోయాడు.