జడ్చర్ల సభలో అల్లుడు

జంగయ్య సారుకు టికెట్ ఇచ్చిన పార్టీ పేరు షాద్‌నగర్‌లో పదిమందికి కూడా తెలియదు. పాత కట్టుబాట్లు నిలవాలి, కుటుంబాలు చెదరకూడదు, రైతు పొలం అమ్ముకోకూడదు, ఊళ్లో మందు చుక్క దొరకకూడదు అని చెప్పే చిన్న పార్టీ అది. హైదరాబాద్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో దాని ఆఫీసు. పార్లమెంటు ఎన్నికలకు మహబూబ్‌నగర్ నుంచి నిలబెట్టడానికి మనిషి దొరక్క వెతుకుతుంటే ఎవరో సారు పేరు చెప్పారు.

సారు ముప్పై మూడేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఎన్నడూ వార్డు మెంబరుగా కూడా పోటీ చేసినవాడు కాదు. అయితే ఆ పార్టీ చెప్పేవన్నీ ఆయన ఏళ్ల తరబడి ఒంటరిగా చెబుతున్న మాటలే. షాద్‌నగర్ దగ్గరి ఆయన ఊరి చుట్టూ జొన్నలు పండిన చేలల్లో ఇప్పుడు రంగులేసిన రాళ్లు పాతి ప్లాట్లు కోశారు. కిరాణా కొట్టు వెనకాలే దొంగచాటుగా మందు అమ్మే బెల్టుషాపు. సొంత తమ్ముడు నలభై నిండకముందే తాగి తాగి పోయాడు.

"ఢిల్లీల ఒక్కడన్న లేసి గీ మాట అడగాలె గద" అన్నాడు సారు, భార్య లీలమ్మతో.

"అడుగుదువు గానీ, ముందుగాల ఇంట్లున్న పిల్ల సంగతి జూడు" అంది ఆమె.

ఆ పిల్ల వాళ్ల ఒక్కగానొక్క కూతురు స్నిగ్ధ. జడ్చర్లలో ఇచ్చి పెళ్లిచేస్తే రెండేళ్లకు ఒక సంచితో తిరిగొచ్చింది. అల్లుడు మల్లేష్ మందు ముట్టడు, పేకాట తెలియదు. కొట్టడం మాత్రం ఒళ్లు తెలిసే కొడతాడు. ఒక దెబ్బకు పిల్ల ఎడమ చెవి వినికిడి పోయింది. తాగుడు మానిపిస్తే సంసారాలు బాగుపడతాయని నమ్మిన సారుకు ఈ అల్లుడు ఏ లెక్కలోకీ రాలేదు. "కొన్ని దినాలు ఉండు బిడ్డా" అన్నాడు అంతే. ఉండిపొమ్మనలేదు, వెళ్లిపొమ్మనలేదు. ఎనిమిది నెలలు గడిచాయి. స్నిగ్ధ షాద్‌నగర్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పనికి కుదిరింది.

తండ్రి పోటీ చేస్తున్నాడని తెలిసి అందరికంటే సంతోషపడింది ఆమే. సెలవు పెట్టి కరపత్రాలు రాసింది, ఏ రోజు ఏ ఊరో కాగితం మీద వేసింది. సారు దగ్గర చదువుకున్న ఫిరోజ్ తన ఆటోకు మైకు కట్టాడు. "మా అన్న గూడ తాగుడుకే పోయిండు సార్. నేనొస్త" అన్నాడు. ఏప్రిల్ ఎండలో ముగ్గురూ బయలుదేరేవాళ్లు.

మొదటి వారం బాగానే గడిచింది. కొందుర్గు వైపు ఒక ఊళ్లో కూలికి పోయే ఆడవాళ్లు అరవై మంది దాకా ఆటో చుట్టూ మూగారు. "బెల్టుషాపు బంద్ జేయిస్తవా సారూ?" అని ఒక ముసలామె ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ సాయంత్రం సారు మొహంలో ఎన్నడూ లేని వెలుగు చూసింది స్నిగ్ధ.

మరునాడు పక్క ఊళ్లో, హోటల్ ముందు కూర్చున్న ఒకతను చాయ్ తాగుతూ అడిగాడు.

"ఇండ్లు నిలవాలె అంటున్నవ్, మంచిదే. మరి నీ బిడ్డ ఇల్లేది సారూ?"

నవ్వులు లేచాయి. సారు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. స్నిగ్ధ చెయ్యి చాచి మైకు ఆపేసింది.

ఆ మాట హైదరాబాద్ దాకా పోయింది. పార్టీ కార్యదర్శి ఫోన్ చేశాడు. జడ్చర్ల సభలో అల్లుణ్ని వేదిక మీద కూర్చోబెట్టమన్నాడు. అల్లుడి తండ్రి మాట నాలుగు ఊళ్లలో చెల్లుతుందట. "మనం చెప్పేది మన ఇంట్లో లేకపోతే ఎవరు నమ్ముతారండీ?" అన్నాడు. బిడ్డను అడిగి చెబుతానన్నాడు సారు.

మూడు రోజులు అడగలేదు. ఒకసారి పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ఆమె కరపత్రాలు కట్టలు కడుతూ తలెత్తింది. "తిన్నవా బిడ్డా?" అని లేచిపోయాడు. నాలుగో రోజు కార్యదర్శి మళ్లీ ఫోన్ చేస్తే సరేనన్నాడు.

సభ రోజున స్నిగ్ధ ఫిరోజ్ ఆటోలో కాస్త వెనకగా వచ్చింది. షామియానా కింద వంద మంది కూడా లేరు. వేదిక మీద తెల్ల చొక్కా వేసుకుని మల్లేష్ కూర్చున్నాడు. లేచి అందరూ చూస్తుండగా మామ కాళ్లకు మొక్కాడు. కార్యదర్శి మైకులో "మా అభ్యర్థి కూతురు తన సంసారానికి తిరిగి వెళుతోంది. మేము చెప్పేదే చేస్తాం" అని ప్రకటించి మైకు సారు చేతికిచ్చాడు.

సారుకు కూతురు కనబడింది. ఆటో పక్కన నిలబడి, సరిగ్గా వినబడటానికి కుడి చెవి లౌడ్‌స్పీకరు వైపు తిప్పింది.

"నా బిడ్డ... పోతది" అన్నాడు సారు. "ఆడపిల్ల ఇల్లు ఆమె మొగని ఇల్లే. నేను ముప్పై మూడేండ్లు పిల్లలకు ఇదే చెప్పిన."

చప్పట్లు కొట్టారు. స్నిగ్ధ చేతిలోని కరపత్రాలు ఆటోలో పెట్టి, ఫిరోజ్‌ను ఇంటికి పోనిమ్మంది.

సారు ఇల్లు చేరేసరికి ఆమె బట్టలు సర్దుకుంటోంది. షాద్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో జాగా ఉందట.

"నన్నొక్కమాట అడగకపోతివి బాపూ."

"అడిగితే ఏమంటుంటివి?"

"వద్దంటుంటి. అందుకే నువ్వు అడగలె."

సారు గోడకు ఆనుకున్నాడు. "ఓట్ల కోసం అనలేదు బిడ్డా. నేను నమ్మిన మాటే చెప్పిన."

"ఎరికే. ఓట్ల కోసం అన్నవనుకుంటే మాఫ్ జేస్తుంటి."

లీలమ్మ ఆపలేదు. సంచిలో పచ్చడి సీసా పెట్టింది. ఫిరోజ్ స్నిగ్ధను హాస్టల్ దగ్గర దింపి వచ్చాడు. ఇచ్చిన మాట కోసం చివరిదాకా ఆటో నడిపాడు గానీ, సారుతో దారి తప్ప వేరే మాట మాట్లాడలేదు.

మల్లేష్ తండ్రి నాలుగు ఊళ్ల ఓట్లూ పెద్ద పార్టీకే వేయించాడు. మల్లేష్ మాత్రం సభలో సారు మాట్లాడిన వీడియో ఫోన్‌లో పెట్టుకుని మందుల కంపెనీ గేటుకు పోయాడు. "కన్న తండ్రే పంపిస్తనన్నడు, మీరెవరు ఆపనీకి?" అని సూపర్‌వైజర్‌కు చూపించాడు. హాస్టల్ ముందు రెండు రోజులు నిలబడ్డాడు. గొడవలు వద్దని కంపెనీవాళ్లు స్నిగ్ధను పని మానుకోమన్నారు.

జూన్ నాలుగున ఓట్లు లెక్కించారు. నోటాకు వచ్చినవాటిలో పదో వంతు కూడా సారుకు రాలేదు. మధ్యాహ్నానికే కౌంటింగ్ హాలు నుంచి బయటకొచ్చి, బస్సెక్కి నేరుగా హాస్టల్‌కు పోయాడు. ఆ పిల్ల ఖాళీ చేసి వారమైంది, ఎక్కడికి పోయిందో తెలియదన్నారు. ఫోన్ నంబరు మారిపోయింది.

ఇంటికొచ్చి లీలమ్మకు చెప్పాడు. ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండా అంది.

"నాకెరికే యాడున్నదో. నీకు చెప్పొద్దన్నది."

సారు మళ్లీ అడగలేదు. కార్యదర్శి ఫోన్ చేసి, సర్పంచు ఎన్నికలు రాబోతున్నాయి సిద్ధంగా ఉండమన్నప్పుడు ఊఁ అన్నాడో, ఉహూఁ అన్నాడో ఆయనకే గుర్తులేదు. బెల్టుషాపు కిరాణా వెనక నుంచి రోడ్డు మీదికి వచ్చింది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున లీలమ్మ ఫోన్ మోగింది. కొత్త నంబరు. ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, ఫోన్ మీద అరచెయ్యి కప్పి సారు వైపు చూసింది.

"లైన్ల ఉన్నది. తప్పయిందని చెప్పమంటవా?"

సారు మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. తాను అన్న మాటలన్నీ ఒకటొకటిగా గుర్తుకొచ్చాయి. వాటిలో తప్పు ఏదో వెతికాడు, కనబడలేదు. బిడ్డ కావాలని ప్రాణం కొట్టుకుంటోంది. నోరు తెరిచాడు. ఆ ఒక్క మాట మాత్రం నాలుక మీదికి రాలేదు.

లీలమ్మ ఫోన్ మీది చెయ్యి తీసి, "ఏం లేదు బిడ్డా, చెప్పు" అంటూ పెరట్లోకి నడిచింది.