చెంచా గీతల నీలం పళ్ళెం

మా ఇంటి గోడ మీద దేవుడి పటం లేదు, నీలం పళ్ళెం ఉండేది. మా అమ్మ మారెన్ పుట్టిన ఊరు జర్మన్ల చేతిలోంచి మళ్ళీ డెన్మార్కులో కలిసిన ఏడాది గుర్తుగా చేసిన పింగాణీ పళ్ళెం. నడుమ చర్చి గోపురం, కింద 1920 అని అంకె. ఆ తర్వాత మూడేళ్ళకే అమ్మ పెళ్ళి చేసుకుని, నాన్నతో ఓడెక్కి సముద్రాల అవతల దక్షిణాన ఉన్న ఇక్కడికి, త్రెస్ అర్రోయోస్ ఊరి గోధుమ పొలాల్లోకి వచ్చేసింది.

నా ఎనిమిదో పుట్టినరోజున ఆ పళ్ళెం దింపి, దాంట్లో రొట్టెముక్క పెట్టుకుని తినబోయాను. విందుకొచ్చిన బడి పిల్లలందరి ముందూ అమ్మ కొట్టిన దెబ్బకి చెంప ఛెళ్ళుమంది.

“అది తినే పళ్ళెం కాదే, పాడుపిల్లా! ఇంకోసారి ముట్టుకున్నావో, వేళ్ళు విరగ్గొడతా!”

నేనసలే మొండిదాన్ని. ఆ దెబ్బ మర్చిపోలేదు.

నాకు నలభై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి అమ్మ మంచం పట్టింది. క్రిస్మస్ వారం, ఇక్కడ నడి వేసవి. బయట ఎండ పేలిపోతోంది.

“ఎల్నా, పాలల్లో కాస్త అన్నం ఉడికించవే. పైన దాల్చినచెక్క పొడీ, నడుమ వెన్నముద్దా వెయ్యి. వేడివేడిగా ఆ పళ్ళెంలో పెట్టు.”

“ఏ పళ్ళెం?”

“గోడ మీదిది.”

“అది తినే పళ్ళెం కాదమ్మా. వేళ్ళు విరగ్గొడతానన్నది ఎవరో?”

అమ్మ నవ్వబోయింది, దగ్గొచ్చింది. “నేనేలే. ఇప్పుడు అడుగుతున్నదీ నేనేగా. ఒక్కసారే.”

“చెయ్యి వణికి పడేశావంటే? ఇన్నేళ్ళు కాపాడింది ఇందుకా?”

పళ్ళెం మీద ప్రేమతో అన్నానని ఊళ్ళో వాళ్ళకి చెప్పుకోవచ్చు. ఇక్కడ దాపరికం దేనికి? నలభై ఏళ్ళ కిందటి చెంపదెబ్బకి బదులు తీర్చుకున్నాను, మంచాన పడ్డ మనిషి మీద. తెల్ల గిన్నెలో పెట్టిచ్చాను. రెండు చెంచాలు తిని అటు తిరిగి పడుకుంది. నాలుగో రోజున పోయింది.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక అందరూ మా ఇంట్లోనే కాఫీకి కూర్చున్నారు. అమ్మతో ఒకే ఓడలో వచ్చిన సిడ్సెల్ పిన్ని కర్ర పొడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“చివర్లో ఏమన్నా తిందిటే?”

“పాల అన్నం అడిగింది పిన్నీ. రెండు చెంచాలు తింది.”

“ఆ పళ్ళెంలోనేనా?”

నా చేతిలో కాఫీ కూజా ఆగిపోయింది. “తెల్ల గిన్నెలో.”

“దింపు దాన్ని.”

దింపాను. పిన్ని దాన్ని కిటికీ వెలుగుకి వాల్చింది. గోపురం మీదా, చుట్టూతా సన్నసన్నటి గీతలు, వందలు.

“ఇవేమిటి?”

“చెంచా గీతలు. మేం దిగిన రోజున స్టేషన్ నుంచి వస్తుంటే బండి మీది పెట్టె పడి గిన్నెలన్నీ పెంకులైపోయాయి. దుప్పట్లో చుట్టింది గనక ఇదొక్కటీ మిగిలింది. రేకుల గదిలో మీ అమ్మా నాన్నా, నేనూ మా ఆయనా. ఏడాదంతా నలుగురం దీంట్లోనే వంతులేసుకుని తిన్నాం. ముందు మొగాళ్ళు, తర్వాత కడుపుతో ఉన్నానని నేను. మీ అమ్మ ఆఖర్న, చల్లారిపోయాక.”

“నాకొక్క ముక్క చెప్పలేదే!”

“సిగ్గు కాదుటే? తినడానికి పళ్ళెం కూడా లేదని పిల్లలకి చెప్పుకుంటుందా? కొత్తవి కొన్ననాడే దీన్ని గోడకెక్కించింది. ఎవరైనా దింపితే గీతలు చూస్తారని హడలు. నాతో మాత్రం అంటుండేది, ‘ఏనాటికైనా దీంట్లో వేడివేడిగా, అందరికంటే ముందు నేను తింటా సిడ్సెల్’ అని.”

ఎంత పాపిష్టిదాన్ని నేను! చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కాఫీలు అక్కడే వదిలేసి వంటింట్లోకి పరిగెత్తాను. పాలు మరిగించి అన్నం వండాను. వెన్నముద్ద వేశాను. జనమంతా చూస్తుండగా ఆ పళ్ళెంలో వడ్డించి అమ్మ కుర్చీ ముందు పెట్టాను.

“ఇప్పుడెందుకే?” అంది పిన్ని.

ఇంకెవ్వరికీ వడ్డించలేదు. వెన్న కరిగి గోపురం మీదుగా పారింది, ఆవిరి కాసేపు లేచింది. నేను చూస్తుండగానే చల్లారిపోయింది.