మైకా గుంటలో మొసలి

మొసలి సంగతి మాల్యాద్రి ముందుగా అనుకుని చెప్పింది కాదు. నోటికి వచ్చింది, చెప్పేశాడు.

అనంతసాగరం దారిలో, వాళ్ల పల్లెను ఆనుకుని ఒక మైకా గని ఉండేది. నేల కింద సొరంగాలు తవ్వి, దొరికినంత మైకా తీసుకుని, కంపెనీ దాన్ని మూసేసింది. ఆ తర్వాతి వానలకు ఒక సొరంగం కప్పు కూలి, పైనున్న చేను కుంగి, పెద్ద గుంట పడింది. అందులో నీళ్లు నిలిచాయి. ఎండాకాలంలోనూ ఇంకలేదు. బోర్లన్నీ ఎండిపోయిన ఊరికి అంతకంటే ఏం కావాలి? బర్రెలు దిగాయి, ఆడవాళ్లు బట్టలు తెచ్చుకున్నారు, మాల్యాద్రి అయితే ఆయిలింజను పెట్టి తన నిమ్మచెట్లకు నీళ్లు తోలుకున్నాడు.

అయితే గని మూసిన కంపెనీ, నేలను మునుపటిలా చేసి చెట్లు నాటి అప్పగించాలని చట్టం. గనిలోంచి తోడిపోసిన రాళ్ల దిబ్బ పక్కనే కొండలా ఉంది. దిబ్బను గుంటలోకి తోసేస్తే రెండు పీడలూ ఒకేసారి వదులుతాయనుకున్నాడు కంపెనీ మేనేజరు కోటేశ్వర్. ఒకరోజు పొద్దున్నే డోజరు వచ్చి గుంట ఒడ్డున నిలబడింది.

మాల్యాద్రి బీడీ ముట్టించుకుని డ్రైవరు దగ్గరికి వెళ్లాడు.

"మరీ అంచుకు పోబాక తమ్ముడా. లోపల మొసలి ఉండాది."

"మొసలా? ఈడికెట్టా వచ్చిందన్నా?"

"సోమశిల కాలవ పొంగినప్పుడు వచ్చింది. మా మేకపిల్లను నా కళ్ల ముందరే లాక్కపోయింది," అంటూ మాల్యాద్రి తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, మునిగి ఉన్న బర్రె ఒకటి ముక్కు పైకెత్తి బుస్సుమంది. డ్రైవరుకు ఏం కనబడిందో ఏమో, డోజరును అక్కడే వదిలి రోడ్డెక్కాడు. సాయంత్రానికి ఆ మొసలి ఆత్మకూరు బస్టాండు చేరింది. అక్కడికి చేరేసరికి రెండు పిల్లల్ని కూడా పెట్టింది.

గనుల మూసివేత పనులు చూసే ప్రభుత్వ ఆఫీసరు అశ్విత మర్నాడే జీపులో వచ్చింది. అందరి మాటా విని, కోటేశ్వర్ వైపు తిరిగింది.

"అటవీశాఖ వాళ్లు వచ్చి చూసేదాకా మీరు ఇందులో ఒక్క రాయి కూడా వేయకూడదు."

మాల్యాద్రి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు.

"అందాకా మనుషులు గానీ పశువులు గానీ నీళ్ల దగ్గరికి రాకూడదు. ఆ ఇంజను కూడా తీసేయండి."

గుంట చుట్టూ ఎర్రరిబ్బను కట్టారు. అటవీశాఖ వాళ్లు ఇవాళ రేపు అంటూ రాలేదు. నిమ్మచెట్లు వాడుముఖం పట్టాయి. బర్రెలు రిబ్బను దగ్గర నిలబడి అరిచాయి. ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకుంటున్న ఆడవాళ్లు మాల్యాద్రితో మాట్లాడటం మానేశారు. అతని భార్య లిదియమ్మ మాత్రం మానలేదు. ఆమె కూడా మానేస్తే బాగుండునని అతనికి అనిపించింది.

చివరికి ఆత్మకూరులో ఆఫీసుకు వెళ్లి అశ్విత ముందు నిలబడ్డాడు.

"మేడం, ఆ మొసలి లేదు."

"చూశానన్నది నువ్వే కదా?"

"చూసినాను గానీ, లేదు మేడం."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కాసేపు ఫ్యాను వైపు చూసింది. "లేదంటే కంపెనీ రేపే పూడ్చేస్తుంది. కానీ ఊరంతా ఆ నీళ్లు వాడుకుంటున్నట్టు నా కళ్లకు కనబడి, పరీక్షలో నీళ్లు బాగున్నాయని తేలితే, చెరువుగా ఉంచమని నేను రాయగలను. సోమవారం వస్తాను. మొసలి లేదని ఎవరైనా దిగి చూపించాలి."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే లిదియమ్మ పొయ్యి మీది చూపు తిప్పకుండానే అంది. "ఎవురైనా ఏంది? పుట్టించినోడివి నువ్వు, దిగేదీ నువ్వే. ఎటూ దిగతావు గదా, బాప్తిస్మం కూడా తీసేసుకో."

అదొక పాత రగడ. వాళ్లది బాప్టిస్టు సంఘం, మనిషి నిలువునా మునగాల్సిందే. మాల్యాద్రికి మోకాలి లోతు దాటితే గుండె జారిపోతుంది. ఊళ్లో మనిషి మునిగే నీళ్లు ఎక్కడున్నాయని పాస్టరు హెన్రీ దగ్గర ఏళ్ల తరబడి తప్పించుకున్నాడు. ఇప్పుడు ఆ సాకు పోయింది.

సోమవారం ఊరు ఊరంతా గుంట దగ్గరే ఉంది. ఒక పక్క కీర్తనలు, ఒక పక్క బిందెలు, వెనక బర్రెలు. అశ్విత సీసాలో నీళ్లు పట్టుకుంది. తెల్లంగీ వేసుకున్న హెన్రీ నడుము లోతుకు వెళ్లి ఆగాడు. పక్కన మాల్యాద్రి ఆయన భుజం వదలడం లేదు.

"మాల్యాద్రీ, దేవుడి ముందర నిజం చెప్పు. మొసలి లేదు గదా?" ఆయన చూపు నీళ్ల మీదే ఉంది.

"లేదయ్యగారూ. నోటికొచ్చింది చెప్పినాను."

"ఇంకేమన్నా ఒప్పుకోవాల్సింది ఉండాదా?"

మాల్యాద్రి గొంతు తగ్గించాడు. "మేకపిల్లను అది లాక్కపోలేదు. నేనే సంతలో అమ్మినాను."

గొంతు తగ్గించినా నీళ్ల మీద మాట ఒడ్డుదాకా పాకింది.

"అమ్మినావా?" అంది లిదియమ్మ, చీరకుచ్చెళ్లు పైకి దోపుకుంటూ. ఆ మేకపిల్ల ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చింది. ఎక్కడో తప్పిపోయిందని ఇన్నాళ్లూ ఆమెను నమ్మించాడు.

ఆ క్షణంలో మాల్యాద్రికి నీళ్ల భయం పూర్తిగా పోయింది. "ముంచండయ్యగారూ, బిన్నా ముంచండి," అని తొందరపెట్టాడు.

హెన్రీ ముంచాడు. ఎంతసేపటికీ లేవకపోతే తనే పట్టి లేపాల్సి వచ్చింది.

నీళ్లు పరీక్షలో బాగున్నాయి. అశ్విత రాసిన ప్రకారం కంపెనీ ఒడ్డు ఏటవాలుగా కోసి, కంచె వేసి, రాళ్ల దిబ్బ మీద మట్టి పరిచి కానుగ మొక్కలు నాటింది. పని అయ్యేలోగా హెన్రీ వచ్చి బాప్తిస్మాలకు ఒక పక్క మెట్లు కావాలన్నాడు. అది విని పెద్దరైతు పెంచలనరసయ్య వచ్చి, వినాయకుణ్ణి నీళ్లలో కలపడానికి రెండో పక్క కూడా కావాలన్నాడు. కోటేశ్వర్ రెండు పక్కలా మెట్లు కట్టించి, ఇంకెవరూ రాకముందే జీపెక్కాడు.