పారబోసిన టీ

ముళ్లకంచె వెంబడి గుర్రాన్ని నడిపించుకుంటూ, తీగ తెగిన చోటల్లా ఆగి ముడివేస్తూ వంతెన దాకా వచ్చాడు మిన్నిగలి. యాభై ఎనిమిదేళ్ల మనిషి. చలికి పగిలిన బుగ్గలు, గుర్రం మీద కూర్చుని కూర్చుని వంకరపోయిన కాళ్లు, ఒక గుండీ ఊడిన పోలీసు కోటు. ఊళ్లో అందరికీ ఏటి పోలీసు. టెచా ఏట్లోకి మనుషుల్నీ పశువుల్నీ దిగనివ్వకపోవడమే తొమ్మిదేళ్లుగా అతని పని. ఏం ఉద్యోగంలెండి, బాతుల్ని అదిలించడానికి నెత్తిన టోపీ ఒకటి!

ఎందుకు దిగకూడదో ఊరికి ఎవరూ చెప్పలేదు. కొండ అవతల అణుబాంబుల కోసం నడిచే రహస్య కర్మాగారం తన కడుగునీళ్లు ఈ ఏట్లోకే వదిలిందని జనానికి తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. మిన్నిగలికీ అంతా తెలియదు. ఉద్యోగంలో చేరిన రోజున అధికారి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, "నువ్వు తాగకు. గుర్రాన్నీ తాగనివ్వకు. కారణం అడక్కు, ఎవరికీ చెప్పకు" అన్నాడు. కాపలా గుడిసెకు ప్రతి సోమవారం పట్నం నుంచి పీపాడు మంచినీళ్లు వచ్చేవి. ఆ మాత్రం అర్థం చేసుకోలేని వెర్రివాడా అతను?

అయినా ప్రతి గురువారం గుర్రాన్ని అటు తిప్పుకుని నిలబడేవాడు. యుద్ధంలో మొగుణ్ణి పోగొట్టుకున్న హమ్దియా కంచె దూరి, కావడి నింపుకుని పోయేది. "బావినీళ్లతో టీ కాస్తే ఉప్పుకషాయమే అన్నా, నోట్లో పెట్టలేం" అని మొదటిసారి బతిమాలినప్పుడు కాదనలేకపోయాడు. కాసేపటికి ఆవిడే గిన్నెడు పాలటీ తెచ్చిచ్చేది. ఆవిడ అటు తిరగ్గానే దాన్ని గడ్డిలో పారబోసేవాడు. పైగా తను చేస్తున్నది దయ అనుకునేవాడు. దయట, దయ!

ఇవాళ గురువారమే. హమ్దియా మంచం పట్టి మూడు నెలలైంది. ఎముకల్లో నొప్పి, ఊడిపోయిన జుట్టు. పట్నం డాక్టర్లు వచ్చి రక్తం తీసుకుపోతారు గాని జబ్బు పేరు చెప్పరు. సంతకం గింతకం ఏమైనా కానీ, ఇవాళ ఆవిడకు చెప్పేయాలని నిశ్చయించుకుని ఆ ఇంటికి వెళ్లాడు.

కోడలు రజియా గుమ్మంలోనే ఎదురైంది. "అత్తయ్యది పొద్దుట్నుంచీ ఒకటే గోల బాబాయ్. ఏటినీళ్ల టీ కావాలట. నన్ను పోనిస్తావా కంచెలోకి?"

"నువ్వు వెళ్లొద్దు!" దాదాపు అరిచాడు. "ఆ కావడి ఇలా తే."

కిటికీలోంచి హమ్దియా చూస్తోంది కాబట్టి ఏటివైపే నడిచాడు. వంతెన మలుపు దాటాక గుడిసెకు వెళ్లి, పీపాలోంచి రెండు బకెట్లూ నింపుకొచ్చాడు.

రజియా టీ కాచి ఇద్దరికీ చెరో గిన్నె ఇచ్చింది. రెండు గుక్కలు తాగి హమ్దియా కళ్లు మూసుకుంది. "అదీ! ఏటినీళ్ల రుచే వేరు. చచ్చేలోపు మళ్లీ తాగుతానో లేదో అనుకున్నా."

మిన్నిగలి మనసులో లెక్క వేసుకున్నాడు. తొమ్మిదేళ్లు. వారానికి రెండు బకెట్లు. పీపాలో సగం నీళ్లు ఎప్పుడూ మిగిలిపోయేవి. కొత్త పీపా వచ్చే సోమవారం పొద్దున తనే వాటిని నేలమీద ఒంపేసేవాడు.

"హమ్దియా, ఇన్నేళ్లూ ఆ నీళ్లు..."

"ముందు తాగవయ్యా! నా టీ గడ్డిలో పారబోసేవాడివి, నాకు తెలీదనుకున్నావా? మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత తెలిసొచ్చింది, మా అన్న టీ చుక్కంత లంచమైనా ముట్టడని. ఇవాళ లంచం కాదుగా, తాగు."

తాగాడు. సిగ్గుతో చచ్చిపోతూ అడుగు దాకా తాగాడు. ఇంకేం చెబుతాడు?

"వచ్చే గురువారం కూడా తెస్తావా?"

"తెస్తాను."

పొద్దు వాలుతుండగా రజియా కంచె దగ్గరికి వచ్చింది. "నిద్రలోనే పోయింది బాబాయ్. పడుకునేదాకా నీ మంచితనమే చెప్పింది."

మిన్నిగలి గుర్రం మెడలో ముఖం దాచుకుని ఏడ్చాడు. తర్వాత ఆ ఇంటికి వెళ్లాడు. లోపల ఆడవాళ్లు శవానికి స్నానం చేయించడానికి బావినీళ్లు కాస్తున్నారు. వాకిట్లో కావడి గోడకు ఆనించి ఉంది. దాని పక్కన రెండో బకెట్టు, ఎవరూ ముట్టని పీపా నీళ్లతో, అంచుదాకా నిండి ఉంది.