నా కుడి, వాళ్ళ ఎడమ

అరమాకి చీపురు ఆపి సుజునె వైపు చూశాడు. ఉదయం ఆరుంబావు. పిల్లల కేంద్రం అద్దాల తలుపు ముందు ఆ పధ్నాలుగేళ్ళ పిల్ల తనను తాను చూసుకుంటూ చేతులు ఎత్తుతోంది, దించుతోంది. పెదవులు కదులుతున్నాయి గానీ మాట బయటికి రావడం లేదు.

వేసవి సెలవుల్లో రోజూ ఆరున్నరకల్లా రేడియో కసరత్తు, రేడియోలో వచ్చే పియానోకి తగ్గట్టు అందరూ కలిసి చేసేది. వాడలోని చిన్నపిల్లలంతా హాజరు కార్డులు మెడలో వేలాడేసుకుని వస్తారు. పెద్దపిల్లల్లో ఒకరు ఎదురుగా నిలబడి చేయించాలి, ఎవరూ రాకపోతే అరమాకే చేయిస్తాడు. చిక్కంతా అక్కడే. వాళ్ళు కుడిచేయి ఎత్తాలంటే తాను ఎడమచేయి ఎత్తాలి.

"ఇవాళ ఒక్కరోజే అరమాకిగారూ," అంది సుజునె. "కుదరకపోతే ఇంక రాను. బడిలో గట్టిగా పాఠం చదవమంటేనే నాకు చచ్చేంత భయం."

"సరే" అన్నాడు అరమాకి.

పొట్టి మనిషి, అరవై ఆరేళ్ళు. చేపల గిడ్డంగిలో పెట్టెలు మోసి మోసి నడుము చెడ్డాక ఈ కేంద్రంలో చేరి పదహారేళ్ళయింది. నేల తుడవడం, బంతుల్లో గాలి కొట్టడం, పెద్దపిల్లల చేత చిన్నవాళ్ళని ఆడించడం అతని పని. దాన్ని ఏ ఉద్యోగమంటారని అడిగితే తెల్లమొహం వేసేవాడు. చేరిన కొత్తలో ఒక కుర్రాడు ఆట చెబుతూ మధ్యలో మరిచిపోతే, అయ్యో పాపమని పరుగెత్తుకెళ్ళి మిగతాది తానే చెప్పేశాడు. ఆ కుర్రాడు మళ్ళీ గడప తొక్కలేదు. ఆ సంగతి తలచుకుంటే అరమాకికి ఇప్పటికీ సిగ్గే.

రేడియోలో పియానో మోగింది. నలభై మంది పిల్లలు. సుజునె మెట్టెక్కింది. రెండు చేతులూ కలిపి ఎత్తడం బాగానే సాగింది. పక్కకు వంగే దగ్గర కంగారులో తన కుడిచేయే ఎత్తేసింది. కసరత్తు తెలిసినవాళ్ళు ఇటు వంగారు, ఆమెను చూసి చేసేవాళ్ళు అటు వంగారు. ఆరేళ్ళ గెన్ తల పక్కవాడి తలకు ఠప్పున తగిలింది.

"అక్కా! నీకు కుడిఎడమలు తెలీవా?" అని అరిచాడు గెన్. అందరూ పకపకా నవ్వారు.

సుజునె చేయి గాల్లోనే ఆగిపోయింది. పియానో మాత్రం ఆగలేదు. అరమాకి ఒక అడుగు ముందుకు వేశాడు. వేసి, చీపురుకర్రను రెండు చేతులా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వెళ్ళకు, వెళ్ళకు అని తనకు తానే చెప్పుకున్నాడు. ఆ పిల్ల ఏడ్చి దిగిపోతే తప్పు తనదే అవుతుంది.

సుజునె దిగలేదు. గిరుక్కున తిరిగి పిల్లలకు వీపు పెట్టింది.

"నా వీపు చూడండి!" అంది. గొంతు వణికింది గానీ గేటు దాకా వినిపించింది. "నేను ఏ చేయి ఎత్తితే మీరూ అదే! గెన్, నీ తల జాగ్రత్త!"

మళ్ళీ నవ్వులు. ఈసారి నలభై మందీ ఒకే వైపు వంగారు. వెనక వరుసలో అరమాకీ వంగాడు, నడుము నొప్పి పెడుతున్నా.

కార్డుల మీద ముద్రలు వేయించుకుని పిల్లలు వెళ్ళాక సుజునె వచ్చి తల దించుకుంది. "తప్పు చేశాను కదండీ?"

"చేశావు." అరమాకి మెడ తుడుచుకున్నాడు. "పదహారేళ్ళుగా ఎదురుగా నిలబడే చేయిస్తున్నాను. వెనక్కి తిరగాలని నాకేనాడూ తట్టలేదే! పాపం పిల్లలు, పొద్దున్నే నా మొహం చూసే బాధైనా తప్పేది."

సుజునె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. రేపు వస్తానని అనలేదు, రాననీ అనలేదు. అతను అడగలేదు.

ఆ పగలు అరమాకి ఎప్పటిలాగే గదులు తుడిచాడు, తెగిన బంతాట వల ముడివేశాడు, బార్లీ టీ కాచి చల్లార్చాడు. మధ్యాహ్నం ఎండకు తాళలేక ఆఫీసు గదిలో ఫ్యాను ముందు కుర్చీలో కూర్చున్నాడు. నాలుగింటికి కేంద్రం నడిపే హొసొయా గారు వచ్చి, నిద్రపోతున్నాడనుకుని తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. ఐదింటికి మళ్ళీ వచ్చి భుజం తట్టింది. అప్పటికే అతను పోయాడు.

మర్నాడు కసరత్తు మానేద్దామని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆరున్నరకు సుజునె వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. రేడియో పెట్టి, పిల్లలకు వీపు పెట్టి నిలబడింది. ఏడుస్తూనే చేయించింది, వెనక ఉన్నవాళ్ళకు ఆమె మొహం కనిపించలేదు. గొంతు మాత్రం అందరికీ వినిపించింది.

అయ్యాక హొసొయా గారు ఆమెను ఆఫీసు గదికి తీసుకెళ్ళింది. "ఆయన ఈ జాబితా ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేవాడమ్మా. పిల్లలు మధ్యలో మానేస్తుంటారు కదా, చెరిపేయడానికి వీలుగా."

గోడ మీద ఒక కాగితం. ఇవాళ్టి నుంచి సెలవులు అయిపోయే దాకా, ముందు ఎవరు నిలబడాలో ఒక్కో రోజుకూ రాసి ఉంది. అన్ని రోజులకూ సుజునె పేరే, సిరాతో. కింద మూలన అరమాకి సంతకం, రాసిన తేదీ ఉన్నాయి. ఆ తేదీ ఆమె మొదటిసారి మెట్టెక్కడానికి ముందు రోజుది.